మందుల షాపులో మాట్లాడిన అక్కకు

అక్కా, మీ పేరు కూడా తెల్వదు. హన్మకొండ చౌరస్తా దగ్గరి మందుల షాపులో, డాక్టరు రాసిన బ్యుడెసొనైడ్ ఇన్‌హేలర్ చూసి మా అమ్మ "స్టెరాయిడ్ అంటున్నరు, నాకొద్దు బిడ్డా" అని మొండికేస్తుంటే మీరే ఆగిన్రు. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి తాలు ఏరే మనిషి, ఆ ఘాటుకు ఆయాసం ఎట్లుంటదో మీకు చెప్పకుండానే అర్థమైంది.

మోతాదు మైక్రోగ్రాముల్లోనే ఉంటదని, అలవాటు పడే మందు కాదని చెప్పిన్రు. సాల్బుటమాల్ ఊపిరాడనప్పటికి, ఇది మాత్రం బాగున్న రోజు కూడా తీసుకోవాలె, లోపలి వాపు తగ్గనీకి కొన్ని వారాలు పట్టొచ్చని అన్నరు. స్పేసర్, అదే ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం, ఎట్ల పట్టుకోవాల్నో చూపించిన్రు. పీల్చినంక నోరు పుక్కిలించి ఉమ్మకపోతే నోట్లె తెల్లపూత రావొచ్చని అమ్మతో రెండుసార్లు అనిపించిన్రు! మాకు ఇంట్ల ఎవరు చెప్పినా వినదు, మీ మాట ఎందుకు విన్నదో.

ఇప్పుడు రాత్రి దగ్గుతో లేచి కూసునుడు చానా తగ్గింది. మూతికి గుడ్డ కట్టుకోనిదే యార్డుకు పోతలేదు. మీ దయ, అక్కా. ఇది మీ కంట పడితే ఒక్క మాట చెప్పుండ్రి, అమ్మ సకినాలు పంపుతనంటున్నది.