గిన్నెల మీద పేర్లు

చింతాద్రిపేట, చెన్నై
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

ఫోన్ చేసినప్పుడల్లా "ఏం గీస్తున్నావురా" అని అడుగుతావు, నేను "ఏదో నడుస్తోందిలే" అని మాట మారుస్తాను. ఈసారి నిజంగానే చెప్పుకోడానికి ఒకటుంది. ఫోన్లో చెబితే మధ్యలో నువ్వు క్రికెట్లోకి వెళ్ళిపోతావు. అందుకే ఉత్తరం.

ముందు ఏడుపు సంగతి. ఒక నగల కొట్టు వాళ్ళు బోర్డు మీదికి కొత్తరకం తెలుగు అక్షరాలు కావాలన్నారని చెప్పాను కదా. నెల రోజులు కూర్చున్నాను. ఏది గీసినా పెళ్ళి శుభలేఖలాగే వచ్చేది. మహాబలిపురం వెళ్ళి రాళ్ళ మీది శాసనాలు చూసొచ్చా, ఎగ్మూరు మ్యూజియంలో రాగిరేకులు చూసొచ్చా. ఎండకి తలనొప్పి వచ్చిందే తప్ప ఒక్క 'అ' కూడా రాలేదు. చివరికి వాళ్ళు రెడీగా దొరికే ఫాంటేదో పెట్టుకున్నారు. పోనీలే.

ఆ తర్వాత వారానికే ఇంట్లో సంక్రాంతి శుభ్రాలు మొదలయ్యాయి. అటక మీది ఇత్తడి సామానంతా దించమంది అమ్మ. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుపానుకి వీధంతా నీళ్ళు నిలిచినప్పుడు గోనెసంచుల్లో కట్టి పైకెక్కించాం, మళ్ళీ వాటి మొహం చూసిన పాపాన పోలేదు. తూకానికి వేసేద్దామంది. మరి తోమడం దేనికమ్మా అంటే, "మాసిన సామాను ఇస్తే కొట్టువాడు మన గురించి ఏమనుకుంటాడు?" అంది. చింతపండు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

గంగాళం తోముతుంటే మూతి కింద ఏవో చుక్కలు తేలాయి. సొట్టలేమో అనుకున్నా. ఇంకాస్త రుద్దేసరికి అక్షరాలు. నాయనమ్మ పేరు, పక్కన నెల్లూరు, దాని కింద 1953. ఆ ఏడాది అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి నెల్లూరు మద్రాసు నుంచి విడిపోయింది. మా నాయనమ్మేమో అదే ఏడు గంగాళం వెంటబెట్టుకుని మద్రాసుకి కాపరానికొచ్చింది!

నన్ను పట్టేసింది మాత్రం ఆ చేతిరాత. మన అక్షరాలు గుండ్రంగా ఉండటానికి తాటాకు కారణమంటారు కదా, గంటంతో అడ్డగీత లాగితే ఆకు చీలుతుందని. ఇత్తడికి ఆ భయం లేదు. దాని బాధ వేరు. ఉలి తిరగదు. సుత్తితో ఒక్కో దెబ్బ వేస్తే ఒక్కో చుక్క పడుతుంది, అంతే. కాబట్టి సున్నకి ఏడు చుక్కలు. దూరం నుంచి సున్నే, దగ్గరికెళితే ఏడు మూలల బిళ్ళ. తలకట్టు రెండే దెబ్బలు. 'మ్మ' దగ్గరికొచ్చేసరికి కింద చోటు చాలక వత్తుని పక్కకి జరిపేశాడు మహానుభావుడు. అయినా చదవగలుగుతున్నాం. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో వంపుకీ పదిసార్లు నగిషీ పెడుతుంటే, ఆ పేరు తెలియని మనిషి ఎక్కడ ఆపాలో ఎరిగి ఆపేశాడు. ఆ రోజు తోమడం అక్కడితో ఆగిపోయింది. "తోముతున్నావా, చదువుతున్నావా?" అని వంటింట్లోంచి అమ్మ కేక.

తర్వాత స్టీలు సామాను మీద పడ్డాను. మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని ఎవర్‌సిల్వర్ అనే అంటారు. అవి ఇక్కడ కొన్నవి, పేర్లు కొట్టించింది ఇక్కడి కొట్లలో, అందుకని చాలావాటి మీద తమిళ అక్షరాలే. నాయనమ్మ పేరు 'భ'తో మొదలవుతుంది, గుర్తుందా? తమిళంలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం. మిషన్ పట్టుకున్నవాడు ఎలా చదివాడో ఏమో, ఆవిడ ఒక గిన్నె మీద ఒకలా, ఇంకో గిన్నె మీద ఇంకోలా ఉంది. మా పేట సంగతి చూడు. 1734లో నేతపనివాళ్ళ కోసం వేసిన పేట, 'చిన్న తఱి పేట్టై', అంటే చిన్న మగ్గాల పేట అంటారు. జనం నోళ్ళలో నాని నాని చింతాద్రి అయింది, ఏదో కొండ ఉన్నట్టు. పేటకే తప్పలేదు, నాయనమ్మకి తప్పుతుందా?

ఇంకో తమాషా. మూడు గిన్నెల మీద మాకెవరికీ సంబంధం లేని పేర్లున్నాయి. అసలు పేర్లు కొట్టించేదే పక్కింటికి కూర పంపినా, పెళ్ళివంటకి అరువిచ్చినా గిన్నె తిరిగి రావాలని కదా. మరి ఇవేంటమ్మా అని అడిగితే, "వాళ్ళింట్లో మన టిఫిన్ క్యారియర్ ఉండిపోయింది, చెల్లుకి చెల్లు" అంది, ఏమాత్రం తడుముకోకుండా. ఎవరిల్లంటే మాత్రం చెప్పదు.

మధ్యలో చెంబు గురించి కూడా చెప్పాలి. చార్లెస్, రే ఈమ్స్ అని అమెరికా డిజైనర్లు, భార్యాభర్తలు. మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. అహ్మదాబాద్‌లో 1961లో డిజైన్ సంస్థ పుట్టింది దాని మూలంగానే. ఇండియాలో చూసిన వస్తువులన్నిట్లోకీ గొప్పది, అందమైనది బహుశా చెంబేనన్నారు అందులో. ఎన్ని నీళ్ళు పట్టాలి, చంకన మోస్తారా నెత్తినా, నిండితే బరువు ఎటు తూగుతుంది, కింద పెడితే ఎలా మోగుతుంది అని ఎన్నెన్ని ప్రశ్నలో! కాలేజీలో పరీక్ష కోసం బట్టీపట్టి, చెంబుకి ఇంత రామాయణమా అని నవ్వుకున్నాను. మొన్న రాత్రి మా అటక మీది చెంబుని గచ్చు మీద పెట్టి విన్నా, ఒకసారి ఖాళీగా, ఒకసారి నీళ్ళు పోసి. మూడోసారికి నాన్న లేచొచ్చి ఏమీ అనకుండా లైటు ఆర్పేసి వెళ్ళారు.

ఇప్పుడు నా పనేంటంటే, తోమిన గిన్నె ఆరాక చుక్కల మీద ముగ్గుపిండి రుద్దుతాను. పైది తుడిచేస్తే చుక్కల్లో తెల్లగా నిలుస్తుంది. ఫోటో తీసి, బటర్ పేపర్ మీద చుక్క చుక్కా దింపుకుంటాను. మొదట కుంకుమతో చేశా, అమ్మ తిట్టింది చూడు, ఆ తిట్లు ఇక్కడ రాయను. ముగ్గుపిండికి ఒప్పుకుంది. ఇత్తడి తూకానికి వెళ్ళే మాట కూడా ప్రస్తుతానికి ఆగింది, "వాడి పిచ్చి తీరేదాకా" అట.

ఇప్పటికి ముప్ఫై ఒక్క అక్షరాలు దొరికాయి. దొరకనివాటిని సొంతంగా గీసేయొచ్చు, కానీ అప్పుడు మళ్ళీ శుభలేఖ అయిపోతుందని భయం. ఉలి దెబ్బ చూడందే గీయదల్చుకోలేదు. అందుకే నీతో పని పడింది. మీ మేనత్త పేరు 'ఝ'తో కదా మొదలయ్యేది? ఆవిడ పెళ్ళి సామాను మీద పేరు ఇత్తడి మీదే కొట్టించి ఉంటారు. ఊరెళ్ళినప్పుడు ఒక్కటంటే ఒక్క గిన్నె అడిగి పట్రా, నెలలో తిరిగిచ్చేస్తాను, మా అమ్మ కంట పడనివ్వను. ఎందుకని ఆవిడ అడిగితే అక్షరాల గొడవ చెప్పకు, నేను గోంగూర పచ్చడి అడిగానని చెప్పు. గిన్నెతోనే ఇస్తుంది.

నీ
పాత పక్కబెంచీ వాడు