వేప్, సిగరెట్: ఆ పోలిక ఎవరికి వర్తిస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

ఈ-సిగరెట్ (వేప్) వల్ల హాని మామూలు సిగరెట్ కన్నా 95 శాతం తక్కువన్న మాట మన కాలేజీ పిల్లల దాకా వచ్చింది. 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ చెప్పిన అంచనా అది. దాని మీద వైద్య పత్రికలు అప్పుడే అభ్యంతరం తెలిపాయి. పైగా అది సిగరెట్ పూర్తిగా వదిలి వేప్‌కు మారేవాళ్ల గురించి చెప్పిన మాట. ఎన్నడూ సిగరెట్ ముట్టని కుర్రాడికి అందులో ఊరటేమీ లేదు.

పోలికలో నిజం లేకపోలేదు. దమ్ము లాగినప్పుడు సిగరెట్ కొన 900 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. పొగాకు కాలి తారు, కార్బన్ మోనాక్సైడ్, దాదాపు 70 రకాల క్యాన్సర్ కారకాలు పుడతాయి. వేప్‌లో కాలేదేమీ లేదు. బ్యాటరీ ఒక తీగచుట్టను వేడిచేస్తే, దాన్ని ఆనుకున్న దూదిలోని ద్రవం ఆవిరవుతుంది. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, సువాసనలు ఉంటాయి. ద్రవం అయిపోవచ్చి దూది ఎండినా, వేడి మరీ పెంచినా ఆ గ్లిజరిన్ లాంటివే విరిగి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్‌గా మారతాయి. తీగ నుంచి నికెల్, క్రోమియం కూడా ఆవిరిలో కలుస్తాయి. మాడు రుచి తగిలాక కూడా లాగుతూ పోవడం చాలా ప్రమాదం.

నికోటిన్ సంగతి మరీ ముఖ్యం. ఒక సిగరెట్ నుంచి ఒంట్లోకి చేరేది 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న ద్రవం 2 మిల్లీలీటర్లు పట్టే పాడ్‌లో (వేప్‌కు తగిలించే ద్రవపు డబ్బీ) 100 మిల్లీగ్రాములు ఉంటుంది. నికోటిన్‌ను బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణంగా మార్చడంతో గొంతు మండదు, ఎంత లాగారో తెలియదు. యూరప్ దేశాలు మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల దగ్గర గీత గీశాయి. మన దేశంలో 2019 చట్టం వేప్‌ల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది. కాబట్టి ఇక్కడ దొరికేదంతా దొంగసరుకే, లోపల ఏముందో అమ్మేవాడికీ తెలియదు. అమెరికాలో 2020 ఫిబ్రవరి నాటికి వేప్ వాడి 2,807 మంది ఊపిరితిత్తులు దెబ్బతిని ఆస్పత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువ మంది వాడినవి గంజాయి సారం ఉన్న పాడ్‌లు. వాటిలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ మింగితే హాని చేయదు, పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసింది.

ఇంట్లో వేప్, బయట సిగరెట్ అన్నట్టుగా రెండూ నడిపేవాళ్లకు ఒక మాట. రోజుకు 20 సిగరెట్లు తాగేవాడికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఒక్క సిగరెట్‌తోనే వస్తుంది. 20ని 3కు తగ్గించి, మిగతాది వేప్‌తో నింపితే గుండెకు పెద్దగా ఒరిగేది లేదు. బ్రిటన్‌లో 886 మందిపై జరిపిన పరీక్షలో, ఏడాది తర్వాత వేప్ వాడినవాళ్లలో 18 శాతం, నికోటిన్ గమ్, ప్యాచ్ (చర్మానికి అతికించేది) లాంటివి వాడినవాళ్లలో 9.9 శాతం సిగరెట్ మానారు. అయితే వేప్‌తో మానినవాళ్లలో 80 శాతం మంది అప్పటికీ వేప్ వదల్లేదు.

మానదలిస్తే 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది. నిద్ర లేచిన అరగంటలోపే సిగరెట్ కావాలనిపించేవాళ్లు 4 మిల్లీగ్రాముల సంగతి డాక్టర్‌ను అడగాలి. బబుల్‌గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి వికారం, ఎక్కిళ్లు వస్తాయి. నాలుక చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఆపాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. దానికి ముందు 15 నిమిషాలు, నోట్లో ఉన్నంతసేపు టీ, కాఫీ వద్దు. సలహాకు 1800-112-356కు ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు.

తోటి వైద్యులకు ఒక మనవి: ‘పొగ తాగుతావా’ అంటే వేప్ వాడే పిల్లలు లేదనే అంటారు. వేప్ పేరు పెట్టి అడగండి. ప్రభుత్వాలు పట్టుబడిన పాడ్‌లను ధ్వంసం చేసి ఊరుకోకుండా, ముందు ప్రయోగశాలలో పరీక్ష చేయించి అందులో ఏముందో బయటపెట్టాలి.

- ఒక ఊపిరితిత్తుల వైద్యుడు, విజయవాడ