పోతపాలు పట్టే తల్లికి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి ఫోనులో రెండు ప్రశ్నలడిగావు. పాలపొడి చెంచా తల గీయాలా అని ఒకటి. డబ్బా మీద 'తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠం' అని రాసుంటే అది చూస్తూ ఎలా పట్టనమ్మా అని ఇంకొకటి. రెండింటికీ ఒకే ఉత్తరంలో రాస్తున్నాను, ఎందుకంటే ఆ రెండో బాధే మెల్లగా మొదటి కొలతలోకి దిగిపోతుంది.

ముందు డబ్బా మాట. 1970ల్లో పాలపొడి కంపెనీలు పేద దేశాల్లో నర్సు దుస్తులు వేయించి మనుషులను బాలింతల దగ్గరికి పంపాయి. పాలు బాగా పడే తల్లుల చేత కూడా డబ్బా కొనిపించాయి. మంచి నీళ్లు లేకా, మళ్లీ మళ్లీ కొనే స్తోమత లేక పలచగా కలిపీ ఎంతోమంది పసివాళ్లు పోయారు. అందుకే 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి తెచ్చింది. మన దేశం 1992లో చట్టం చేసి 2003లో ఇంకా బిగించింది. పాలపొడికి ప్రకటనలు ఉండకూడదు, డబ్బా మీద పాప బొమ్మ వేయకూడదు, ఆ వాక్యం మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి. అది అమ్మేవాడి నోటికి వేసిన తాళం తల్లీ. నీ మీద రాసిన తీర్పనుకుని చదవకు.

నీకు కాన్పులో రక్తం బాగా పోయింది. అలాంటప్పుడు పాలు ఆలస్యంగా పడతాయి, కొందరికి సరిపడా పడనే పడవు. థైరాయిడ్ ఉన్నా, మాయ ముక్క లోపల మిగిలిపోయినా, రొమ్ములో పాలగ్రంథులే తక్కువగా ఉన్నా ఇంతే. చూడటానికి వచ్చినవాళ్లు సొరచేప తిన్నావా, వెల్లుల్లి కారం తిన్నావా అని అడుగుతారు. తిను, ఒంటికి బలం. కానీ తినలేదు కాబట్టి పాలు పడలేదన్న మాట మాత్రం నమ్మకు.

ఇప్పుడు చెంచా. అవును, గీయాలి. కత్తి వీపుతోనో, డబ్బా అంచుకో సమంగా గీయి. అదిమి నింపకు. ముందు నీళ్లు కొలిచి, తర్వాతే పొడి వెయ్యి. మీ డబ్బా లెక్క 30 మి.లీ. నీళ్లకు ఒక చెంచా అన్నావు కదా, కాబట్టి 60కి రెండు. కలిపాక సీసాలో 65 దాటి కనిపిస్తుంది, కంగారు పడకు, పొడి ఆక్రమించిన చోటది. డబ్బా మారితే చెంచా కూడా మారుతుంది. పాత చెంచా దాచుకోకు.

తప్పు చేస్తున్నానన్న బాధ ఉన్నప్పుడే చెయ్యి ఈ కొలతను తప్పుతుంది. 'ఈ పొడి ఎంత తక్కువ పోతే అంత మేలు' అనిపించి చెంచా తగ్గిస్తారు. అప్పుడు పాప బరువు పెరగదు, ఒంట్లో ఉప్పు పలచబడి ఫిట్స్ కూడా రావచ్చు. 'నా పాలు లేవు కదా, ఇవైనా చిక్కగా' అని ఒక చెంచా ఎక్కువ వేస్తే మలబద్ధకం, ఒంట్లో నీరు ఇంకిపోవడం. 'ఇవైనా పూర్తిగా తాగాలి' అని మిగిలిన చుక్కలు కుక్కితే కక్కుడు. పాప తల తిప్పేసిందంటే చాలనే అర్థం. మిగిలినవి పారబోయి. తాగడం మొదలుపెట్టిన గంట తర్వాత ఎంగిలి పాలు మళ్లీ పట్టకూడదు. కలిపి ముట్టకుండా ఉంచినవైతే బయట రెండు గంటలే.

పొడిలో సూక్ష్మక్రిములు ఉండే అవకాశం ఉంది. అందుకని నీళ్లు సలసలా కాగాక దించి, అరగంట దాటకముందే, 70 డిగ్రీల వేడి ఉండగానే కలుపు. కొన్ని డబ్బాల మీద గోరువెచ్చటి నీళ్లని ఉంటుంది, రెండు నెలలు నిండే దాకా వేడినీళ్లే భద్రం. తర్వాత సీసాను కుళాయి కింద పట్టి చల్లార్చి, మణికట్టు లోపలివైపు చుక్క వేసి చూసుకో. పాలపీక మెడ దగ్గర కొవ్వు జిడ్డు గుండ్రంగా పడుతుంది, మరగబెట్టే ముందు బ్రష్‌తో అది తోమాలి. సీసా కడగడం అలవికాకపోతే ఉగ్గుగిన్నెతో పట్టు. మరగబెట్టడానికి దానికన్నా తేలికైనది లేదు.

పాప 3.4 కిలోలుంది. కిలోకు రోజుకు 150 మి.లీ. లెక్కన 510, ఎనిమిది విడతలకు ఒక్కోసారి 60 నుంచి 65. ఇది పోతపాల మీదే ఉన్న పిల్లకు. నీ దగ్గర కొంచెం వచ్చినా ముందు రొమ్ముకు వేసుకో, మిగతాది గిన్నెతో. 20 మి.లీ. వచ్చినా అవి 20 మి.లీ. తల్లిపాలే. పాలు రాకపోయినా పాపను గుండెకు ఆనించుకుని పడుకోబెట్టుకో, దానికి నీ వాసన కావాలి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తూ, రోజుకు 20 నుంచి 30 గ్రాములు బరువు పెరుగుతుంటే కడుపు నిండుతున్నట్టే. తేనె, ఆవుపాలు ఏడాది దాకా వద్దు, నీళ్లు ఆరు నెలల దాకా వద్దు.

మీ అత్తగారికి చాటుగా కలపకు. చీకట్లో వంటింట్లో తొందరపడితేనే చెంచాల లెక్క తప్పుతుంది. ఆవిడ ముందే కలుపు, ఒకసారి ఆవిడ చేత కూడా కలిపించు. రాత్రి పది గంటల పాలు అల్లుడు గారు పట్టొచ్చు.

ఇంకొకటి, దాచకుండా చెప్పు. కాన్పయిన రెండు వారాల లోపు ఏడుపు రావడం మామూలే. నీకు ఇరవై రెండో రోజు. పాప నిద్రపోయాక కూడా నీకు నిద్ర పట్టకపోయినా, పాపను చూస్తే ఏమీ అనిపించకపోయినా రేపే డాక్టరమ్మకు చెప్పు. అప్పటిదాకా ఆగలేకపోతే 14416కి చెయ్యి, అది మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోను సేవ, టెలీ మానస్ అంటారు, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. అర్ధరాత్రయినా నాకు చెయ్యి.

గురువారం పొద్దుటి బండికి వస్తున్నాను. స్టీలు ఉగ్గుగిన్నెలు రెండు తెస్తాను, ఒకటి మరుగుతుంటే ఇంకొకటి వాడుకోవచ్చు. ఆ రాత్రి రెండు గంటల పాలు నేను పడతాను, నువ్వు పడుకో.

అమ్మ