వార్షిక నివేదిక: మొదటి కెమెరా కొనే ముందు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘంలో చేరిన వాళ్లలో ఎక్కువమంది కెమెరా పట్టుకోవడం ఇదే మొదటిసారి. వచ్చీ రాగానే అందరూ అడిగింది ఒకటే: ఏ కెమెరా కొనాలి? అందుకే కార్యవర్గం పోటీలు తగ్గించి, ప్రాథమిక తరగతులకే ఎక్కువ సమయం ఇచ్చింది. వెంటనే కొనమని ఎవరికీ చెప్పలేదు. ముందు సంఘం కెమెరాలతోనో, చేతిలో ఉన్న ఫోన్‌తోనో తీయమన్నాం.

అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం), షట్టర్ స్పీడ్ (వెలుతురు లోపలికి పడే సమయం), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని బోర్డు మీద చెబితే అందరూ తలూపుతారు. కెమెరా చేతికొచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది. గదిలో తీసినవన్నీ మసకగా వస్తున్నాయని, కెమెరా మార్చేద్దామనుకుంటున్నానని ఒక సభ్యురాలు అన్నారు. ఫొటో వివరాలు తీసి చూశాం. లెన్స్ జూమ్ 55 మి.మీ. దగ్గర ఉంది, ఐఎస్ఓ 200, షట్టర్ 1/15 సెకను. అంత నెమ్మది షట్టర్‌కి చెయ్యి కాస్త కదిలినా చాలు, బొమ్మ చెదిరిపోతుంది. ఐఎస్ఓ 1600కి పెంచమన్నాం. గదిలో వెలుతురు అదే, అపర్చర్ అదే, షట్టర్ మాత్రం 1/125కి వచ్చింది. కొంచెం గ్రెయిన్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) కనిపించింది కానీ కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా తెలిశాయి.

మెగాపిక్సెళ్లు (ఒక్కోటి పది లక్షల పిక్సెళ్లు, అంటే ఫొటోలోని చుక్కలు) ఎక్కువుంటే ఫొటో బాగుంటుందా అన్న సంగతి తేల్చడానికి 12 మెగాపిక్సెళ్ల పాత కెమెరాతో, 24 మెగాపిక్సెళ్ల కొత్తదానితో ఒకే దృశ్యం తీసి, 10 x 8 అంగుళాల ప్రింట్లు పక్కపక్కన పెట్టాం. ఏది దేనితో తీసిందో ఎవరూ చెప్పలేకపోయారు. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన ఆ సైజుకి 72 లక్షల పిక్సెళ్లు సరిపోతాయి మరి.

కొనక తప్పదనుకున్న వాళ్లకు మేం చెప్పింది ఇదీ: బాడీ (లెన్స్ లేని కెమెరా) మీద తగ్గించుకుని ఆ డబ్బు లెన్స్ మీద పెట్టండి. కెమెరాతో పాటు వచ్చే మామూలు 18-55 మి.మీ. కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె ఎంత తగ్గితే అపర్చర్ అంత పెద్దది). 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు తీసుకుంటుంది. అయితే ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నగా ఉండి, వెలుతురును ఫొటోగా మార్చే భాగం) మీద అది ఫుల్ ఫ్రేమ్ లెక్కన దాదాపు 75 మి.మీ. లెన్స్‌లా, కాస్త దగ్గరగా చూపిస్తుంది. ముఖాల ఫొటోలకు బాగుంటుంది, చిన్న గదిలో పదిమందిని ఇరికించాలంటే కష్టం. అలాంటివే ఎక్కువ తీసేవాళ్లకు కిట్ లెన్స్ వెడల్పు వైపే (18 మి.మీ. దగ్గర) నయం. మిర్రర్‌లెస్సా (లోపల అద్దం లేని కెమెరా), డీఎస్ఎల్ఆరా (అద్దం ఉన్నది) అన్న చర్చకు ఈసారి పెద్దగా సమయం ఇవ్వలేదు. నేర్చుకోవడానికి రెండూ పనికొస్తాయి.

సెకండ్ హ్యాండ్ సామాను పరీక్షించడం మీద పెట్టిన తరగతికి మంచి స్పందన వచ్చింది. లెన్స్‌లోకి టార్చి వేసి చూస్తే ఫంగస్ సాలెగూడు దారాల్లా కనిపిస్తుంది. అపర్చర్ ఎఫ్ 16కి తగ్గించి ఖాళీ ఆకాశాన్ని ఫొటో తీస్తే సెన్సర్ మీది దుమ్ము నల్ల మచ్చలుగా బయటపడుతుంది. ఈ రెండు పనులూ చేయకుండా డబ్బు ఇవ్వొద్దని సభ్యులను గట్టిగా కోరుతున్నాం.

వచ్చే ఏడాది కొత్తవాళ్లకు లెన్సులు, ట్రైపాడ్లు కొన్నాళ్లపాటు వాడుకోవడానికి ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఇంట్లో వాడకుండా పడి ఉన్న సామాను ఇవ్వగలిగిన సభ్యులు సర్వసభ్య సమావేశానికి ముందే తెలియజేయగలరు. ఇచ్చే ముందు బ్యాటరీలు తీసేయండి.

కార్యదర్శి