జుట్టు మాత్ర, కొలెస్ట్రాల్ గోల

చిన్నా,

"చూశావా అమ్మా, జుట్టు మాత్రతో కొలెస్ట్రాల్ కూడా తగ్గుతుందట" అని ఆ వార్త పంపి మురిసిపోయావు కదా, ఫోన్లో చెప్తే మధ్యలో అడ్డం పడతావని రాస్తున్నా. ల్యాబ్‌లో ఇన్నేళ్లు రక్తాలు తీసినదాన్ని, కాస్త చివరిదాకా చదువు.

ఆ వార్త అబద్ధం కాదు. 2024లో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు అమెరికా ఆరోగ్య సర్వే లెక్కలు తిరగేస్తే, ఫినాస్టరైడ్, అదే నీ జుట్టు మాత్ర, వాడే మగవాళ్లకి కొలెస్ట్రాల్ సగటున 30 పాయింట్లు తక్కువ కనిపించింది. కానీ వాడుతున్నవాళ్లు 155 మందే, అందరూ యాభై దాటినవాళ్లు, నీకింకా ముప్పై రాలేదు. మాత్ర వల్లే తగ్గిందనాలంటే అదే మనిషికి వేసుకోకముందు, వేసుకున్నాక రక్తం చూడాలి, ఆ పని సర్వేలో జరగదు. వాళ్లే ఎలుకలకి ఆ మందిచ్చి చూస్తే వాటిలోనూ తగ్గింది, సరే, కానీ అవి రక్తనాళాల్లో కొవ్వు పేరుకునేలా తయారుచేసిన ఎలుకలు, బాగా తగ్గింది కూడా భారీ మోతాదుకే. నువ్వు వేసుకునేది 1 మిల్లీగ్రాము.

ఆ మాత్ర పని జుట్టు రాలగొట్టే డీహెచ్‌టీ అనే హార్మోన్‌ని తగ్గించడం, అందుకే జుట్టు నిలుస్తుంది, ఆపేస్తే మళ్లీ రాలుతుంది. వేసుకో, నేనేం వద్దనను, మీ మామయ్యల తలలు చూశాక నీ బాధ నాకు తెలుసు, పైగా సంబంధాలు చూస్తున్నాం. కానీ మాదాపూర్‌లో మందుల షాపువాడు అడగ్గానే ఇచ్చాడని మొదలుపెట్టేయడం ఏంట్రా? డాక్టర్ చీటీ మీద వాడాల్సిన మందు అది. కొందరికి కోరిక తగ్గుతుంది, కొందరికి మనసు దిగులుగా ఉంటుంది, అలాంటిదేమైనా ఉంటే నాకు చెప్పడానికి సిగ్గయితే డాక్టర్‌కైనా చెప్పు.

అన్నట్టు మీ నాన్న కన్ను కూడా ఆ డబ్బా మీద పడింది, ఈ వయసులో! ఆయనకి చెప్పు, అది వాడితే పీఎస్ఏ, అంటే ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష, రిపోర్టులో అంకె దాదాపు సగానికి పడిపోతుంది, డాక్టర్‌కి చెప్పకపోతే ప్రోస్టేట్ జబ్బున్నా అంతా బాగుందనుకుంటారు. తను వాడే కొలెస్ట్రాల్ మాత్ర అటార్వాస్టాటిన్ మాత్రం ఆపొద్దని కూడా చెప్పు, నా మాట ఎలాగూ వినడు.

నీ ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, పోయిన ఉగాదికే 150 దాటింది, దాని సంగతి జుట్టు మాత్ర చూసుకుంటుందని ఊరుకోకు. ఆదివారం పొద్దున్నే పరగడుపున ఇంటికి రా, లిపిడ్ ప్రొఫైల్‌కి, అంటే కొవ్వుల పరీక్షకి, రక్తం నేనే తీస్తా. శనివారం అర్ధరాత్రి బిర్యానీ తిని వచ్చావో, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు చూసి నాకు తెలిసిపోతుంది.

అమ్మ