తిథి పక్కనే ఆటుపోట్ల వేళలూ వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రికలో రోజూ తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం వస్తాయి. సూర్యోదయం, సూర్యాస్తమయం నిమిషాలతో సహా వస్తాయి. సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఈ ఊళ్లో నీరు ఎక్కే పోటు ఎన్నింటికి, నీరు తీసే ఆటు ఎన్నింటికి అన్న ముక్క మాత్రం రాదు. విశాఖ ఎడిషన్‌లో ఆ ఒక్క వరుస చేర్చమనీ, సెలవుల్లో దాని కిందే పోర్ట్ బ్లెయిర్ వేళలు కూడా వేయమనీ అడగడానికే ఈ ఉత్తరం. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు కానీ టికెట్ కొనేవాళ్ల నోట ఇంకా పాత పేరే ఉంది, అందుకే అలా రాస్తున్నాం.

విశాఖ నుంచి అండమాన్ వెళ్లేవాళ్లు తక్కువేమీ కాదు. ఓడలో అయితే రెండున్నర రోజుల దారి. అక్కడికి వెళ్లాక ‘ఒక్క రోజులో దీవి’ అన్న ప్యాకేజీ కొంటారు. చాలామంది ఎంచుకునేది నీల్ దీవి, 2018 నుంచి దాని పేరు షహీద్ ద్వీప్. అక్కడి ఊళ్లకు, బీచ్‌లకు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్ అని రామాయణం పేర్లున్నాయి. దీవి ఈ కొస నుంచి ఆ కొసకు అయిదారు కిలోమీటర్లకు మించదు కాబట్టి ఒక్క రోజులో అన్నీ చూసేయవచ్చనిపిస్తుంది. చూడవచ్చు కూడా, వరుస తప్పకపోతే.

అసలు చిక్కు ఆ వరుసలోనే ఉంది. లక్ష్మణ్‌పూర్ వైపున్న సహజ శిలాతోరణం దగ్గరికి పోవాలంటే నీరు బాగా తీసి ఉండాలి. దారి పొడవునా చచ్చిన పగడపు రాళ్లే. వాటి గుంటల్లో నిలిచిన నీటిలోనే సముద్ర దోసకాయలనే మెత్తటి జీవులు, నక్షత్ర చేపలు, పీతలు, చిన్న చిన్న రంగు చేపలు కనిపిస్తాయి. పోటు వేళ ఆ గుంటలన్నీ మునిగిపోతాయి. భరత్‌పూర్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ అద్దపు అడుగు పడవలు తిరగాలంటే పగడాల మీద తగినంత లోతు నీరు ఉండాలి. ఆటు వేళ పడవ అడుగు రాసుకుంటుంది కనుక పడవలు ఆపేస్తారు. ఒకటి నీరు తీస్తే కనిపించేది, రెండోది నీరు నిండితే కనిపించేది. ఈ రెండింటినీ వరుసగా పది గంటలకు, పదకొండు గంటలకు అని కాగితం మీద రాసిన ప్యాకేజీ ఏ రోజుకైనా ఒకేలా పనిచేయదు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోవాలి. ఆటు ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య పడితే ఫెర్రీ దిగగానే సామాను సంగతి తర్వాత చూసుకుందామని నేరుగా శిలాతోరణానికి పోవాలి. నీరు ఎక్కడం మొదలయ్యాక, మధ్యాహ్నానికి భరత్‌పూర్ చేరుకోవాలి. జెట్టీ పక్కనే కాబట్టి తిరుగు ఫెర్రీకి కంగారు ఉండదు. ఆటు ఒంటి గంటకో రెండింటికో పడితే ముందు భరత్‌పూర్, తర్వాత తోరణం. నాలుగింటికి పడే రోజున తోరణం ఆశ వదులుకోవడం మంచిది. తిరుగు ఫెర్రీ దాటిపోతుంది, లేదా చీకటి పడుతుంది. అండమాన్ మనకు తూర్పున తొమ్మిదిన్నర డిగ్రీల అవతల ఉంది. గడియారం మాత్రం మనదే. డిసెంబరులో అక్కడ సాయంత్రం 5 గంటలకే పొద్దు వాలిపోతుంది. ఇక్కడి అలవాటుతో ‘ఆరింటి దాకా వెలుతురుంటుందిలే’ అనుకున్నవాళ్లు జారుడు రాళ్ల మీద ఫోన్ లైటుతో నడవాల్సి వస్తుంది.

మరి ఏ రోజు ఆటు ఎన్నింటికి? ఇందులో సగం జవాబు తిథి రూపంలో మీ పత్రికలో ఇప్పటికే ఉంది. వేటకు పోయే మన మత్స్యకారులకు దీన్ని ఎవరూ చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పన్నెండు నిమిషాలు. ఈ రోజు ఆటు 9 గంటలకైతే రేపు 9.50 ప్రాంతంలో, ఎల్లుండి 10.40కి. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు, అంటే పాడ్యమి, విదియ నాళ్లలో నీరు అన్నిటికన్నా ఎక్కువ ఎక్కుతుంది, ఎక్కువ తీస్తుంది. అష్టమి దాటాక నవమి, దశమి నాళ్లలో తేడా బాగా తగ్గిపోతుంది. విశాఖలో పెద్ద పోటు రోజుల్లో తేడా సుమారు మీటరున్నర, చిన్న పోటు రోజుల్లో అర మీటరు. పోర్ట్ బ్లెయిర్‌లో పెద్ద రోజుల తేడా రెండు మీటర్ల దగ్గర ఉంటుంది. నవమి నాడు రాళ్ల గుంటలు చూద్దామని పోతే, ఆటు వేళకే పోయినా నీరు పెద్దగా తీయదు. ‘ఏమీ లేదక్కడ’ అని తిరిగి వచ్చేవాళ్లలో చాలామంది తప్పు తిథి నాడు వెళ్లినవాళ్లే.

ఇంకో సంగతి ప్రాణానికి సంబంధించింది. నీరు ఆరు గంటలూ ఒకే వేగంతో ఎక్కదు. మొత్తం ఎక్కే నీటిని పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, అయిదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి. రెండు మీటర్ల తేడా ఉన్న రోజున మొదటి గంటలో ఎక్కేది 17 సెంటీమీటర్లే. చూసేవాళ్లకు సముద్రం కదలనట్టే ఉంటుంది. మూడో గంట, నాలుగో గంట కలిపి మాత్రం మీటరు నీరు ఎక్కేస్తుంది. ఆ మొదటి గంట చూసి ధైర్యపడి రాళ్ల చివరి దాకా పోయినవాళ్లకు వెనక్కి వచ్చే దారి మునిగిపోతుంది. అందుకని ఆటు వేళకు గంటన్నర ముందు దిగాలి, ఆటు దాటిన అరగంటకు వెనక్కి తిరగాలి. నీటి వైపు వీపు పెట్టి ఫొటో దిగకూడదు. హవాయి చెప్పులు నాచు మీద ఆగవు, మడమకు పట్టీ ఉన్న రబ్బరు అడుగు చెప్పులే వేసుకోవాలి. ఉత్త కాళ్లతో అసలు వద్దు. పగడం గీసుకున్న గాయం మామూలు గాయంలా మానదు, అందులో ముక్కలు ఉండిపోయి చీము పడుతుంది. మంచినీళ్లూ సబ్బుతో వెంటనే బాగా రుద్ది కడగాలి.

గుంటలో చెయ్యి పెట్టకూడదు. అందంగా చారలున్న శంకు ఆకారపు గవ్వ బతికున్నదైతే విషపు ముల్లు గుచ్చుతుంది. రాయిలా పడి ఉండే స్టోన్‌ఫిష్ ముల్లు దిగితే, ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా పాదం ఉంచి, ఆసుపత్రికి పోవాలి. మడ అడవుల పక్కన, క్రీకుల్లో (ఉప్పునీటి పాయల్లో) మొసళ్ల బోర్డులు ఉన్నచోట నీటిలోకి దిగడం ఎంతమాత్రం కూడదు. 2010లో హావ్‌లాక్ దీవిలో స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటిపై ఈదడం) చేస్తున్న విదేశీ పర్యాటకురాలిని మొసలి పొట్టన పెట్టుకుంది. ఆ బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు.

పగడాలే చూడాలనుకునేవాళ్లకు పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూర్ నుంచి పడవలో పోయే జాలీ బాయ్ దీవి మేలు. అది 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోది. ముందే పర్మిట్ తీసుకోవాలి, సోమవారం సెలవు, ప్లాస్టిక్ తీసుకుపోనివ్వరు, దీవిలో తినడానికి ఏమీ దొరకదు. స్టీలు సీసాలో నీళ్లు, స్టీలు డబ్బాలో పులిహోర పెట్టుకుంటే సరిపోతుంది. నీటిలో తేలుతూ చూడాలి తప్ప పగడం మీద నిలబడకూడదు. బండలా గట్టిగా పెరిగే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మనం వేసే ఒక్క అడుగు కింద విరిగేది మనవడి కాలానికి గానీ తిరిగి రాదు.

ఒడ్డున పడి ఉన్నదే కదా అని పగడపు ముక్కను సంచీలో వేసుకోవడం కూడా నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పగడాలు ఉన్నాయి. విమానాశ్రయంలో సామాను స్కాన్ చేసేటప్పుడు బయటపడతాయి. పిల్లలు ఏరిన గవ్వల్ని బయలుదేరే ముందే వాళ్ల చేతనే ఒడ్డున పెట్టించాలి.

జలపాతాల మాట. అండమాన్ కరపత్రాల్లో కనిపించే వైట్ సర్ఫ్, విస్పర్ వేవ్ జలపాతాలు లిటిల్ అండమాన్‌లో ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి అక్కడి రేవు హట్ బే చేరడానికే ఓడలో చాలా గంటలు పడుతుంది. ఒక్క రోజు ప్యాకేజీలో ఆ ఫొటో ఉంటే ఏ రోజున, ఏ ఓడలో అని డబ్బు కట్టక ముందే అడగాలి.

జలపాతం కావాలంటే మన కటికి ఉంది. బొర్రా దగ్గర గోస్తని నది మీద దూకే ఆ నీరే తాటిపూడి మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పొద్దున్నే కటికి, సాయంత్రం ఆటు వేళ భీమిలి అనుకుంటే దీవికి పోకుండానే రోజు నిండుతుంది. కాకపోతే ఈ మధ్య ఋషికొండ, మంగమారిపేట వైపు స్కూబా డైవింగ్ వచ్చాక కొందరు ఈ వరుసను తిరగేస్తున్నారు. పొద్దున్న డైవ్, మధ్యాహ్నం అరకు ఘాట్. ఇది ప్రమాదం. డైవ్‌లో ఒంటికి ఎక్కిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఎత్తుకు పోతే గాలి ఒత్తిడి తగ్గి అది రక్తంలో బుడగలు కడుతుంది. విమానానికైతే ఒక్క డైవ్ తర్వాత 12 గంటలు, వరుసగా రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగమంటారు. బొర్రా గుహలే సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి, ఘాట్ రోడ్డు అంతకన్నా పైకి పోతుంది. కనుక కొండకు కూడా అదే గడువు పాటించాలి. జలపాతం ముందు, డైవ్ తర్వాత. అండమాన్‌లో కూడా డైవ్ చేసిన మర్నాడు పొద్దున్నే విమానం టికెట్ తీసుకోకూడదు.

మన ఒడ్డున తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం దగ్గర, మంగమారిపేట శిలాతోరణం చుట్టూ ఉన్న రాళ్ల గుంటలు కూడా నీల్ గుంటల్లాంటివే. పగడపు దిబ్బలు లేవన్న మాటే గానీ పువ్వుల్లా కనిపించే సీ అనిమోన్లు, ఖాళీ గవ్వల్లో కాపురముండే సన్యాసి పీతలు, ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లు ఉన్నాయి. బడి పిల్లల్ని విదియ నాడు ఆటు వేళ అక్కడికి తీసుకుపోతే బస్సు ఖర్చు తప్ప మరేం కాదు. అండమాన్ పోయేవాళ్లు కూడా ముందు ఇక్కడ ఒకసారి నడిచి చూసుకుంటే చెప్పులు ఆగుతాయో లేదో తెలుస్తుంది.

అక్కడికి పోయాక భాష ఇబ్బంది కూడా అంతగా ఉండదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ వాసుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పడవవాళ్లను ‘బాబూ, ఈ రోజు ఆటు ఎన్నింటికి?’ అని అడిగితే జవాబిచ్చే మనిషి జెట్టీలో ఎక్కడో ఒకచోట ఉంటాడు.

ఈ వేళలు సంపాదించడం మీకు కష్టం కాదు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఆటుపోట్ల పట్టికలు అచ్చు వేస్తుంది, విశాఖ, పోర్ట్ బ్లెయిర్ రెండూ అందులో ఉంటాయి. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పెద్ద అలల హెచ్చరికలు కూడా ఇస్తుంది. హెచ్చరిక ఉన్న రోజున ఆటు వేళలకు విలువ లేదు కాబట్టి ఆ మాట వేళల పక్కనే పడాలి. వేసేటప్పుడు గంటతో పాటు ఎత్తు కూడా వేయండి, ఎత్తు లేకపోతే విదియ ఆటుకూ నవమి ఆటుకూ తేడా తెలియదు. పగటి వేళ పడే ఆటును మాత్రం కాస్త లావు అక్షరాల్లో వేయించండి.

ఇట్లు,
తీరం వెంట నడిచే కొందరు పాఠకులు,
విశాఖపట్నం