ఉమ్మడి అద్దె ఇంట్లో ‘హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్’ ఎవరు?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

జనవరి చివరి నుంచి ఏప్రిల్ 15 దాకా హనుమకొండ, కాజీపేట, వరంగల్ ఇళ్లలో అమెరికా పన్నుల ప్రస్తావన వస్తూనే ఉంటుంది. పిల్లలు అక్కడ రిటర్ను వేస్తే, ఫలానా వారి అమ్మాయికి రీఫండ్ ఎంత వచ్చిందో ఇక్కడ తల్లిదండ్రులు ఆరా తీస్తారు. ఈ మాటల్లో ‘హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్’ (కుటుంబ పెద్ద) అనే పన్ను హోదా పేరు తరచుగా వినిపిస్తోంది. అద్దెలు భరించలేక రెండు కుటుంబాలు ఒకే ఇంట్లో ఉంటున్న చోట, ఈ హోదా ఎవరికి వర్తిస్తుందో తేల్చుకోకుండానే కొందరు ఫారంలో టిక్ పెట్టేస్తున్నారు. నిజంగా అర్హత ఉన్న ఒంటరి తల్లులేమో ఎందుకొచ్చిన గొడవని వదులుకుంటున్నారు. కామర్స్ లెక్చరర్‌గా రిటైరైన నన్ను బంధువుల పిల్లలు తమ రిటర్నులు చూసి పెట్టమని అడుగుతుంటారు కాబట్టి, ఈ నిబంధనలను శ్రద్ధగా చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తేడా చిన్నదేమీ కాదు. 2025 సంవత్సరానికి ఒంటరిగా రిటర్ను వేసేవారికి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకు ముందే ఆదాయంలోంచి తీసేసే మొత్తం) 15,750 డాలర్లయితే, ఈ హోదా ఉన్నవారికి 23,625 డాలర్లు. పది శాతం పన్ను శ్లాబు కూడా 11,925 డాలర్లకు బదులు 17,000 డాలర్ల దాకా ఉంటుంది. పిల్లల్నో వృద్ధులైన తల్లిదండ్రులనో ఒంటిచేత్తో పోషించేవారి కోసం 1951 నాటి చట్టం ఈ వెసులుబాటు తెచ్చింది. దీనికి షరతులు మూడు. డిసెంబరు 31 నాటికి పెళ్లి కానివారో, విడాకులు పొందినవారో, లేదా చట్టం దృష్టిలో అలా లెక్కకు వచ్చేవారో అయి ఉండాలి. అర్హత గల బిడ్డ గానీ, తమపై ఆధారపడిన దగ్గరి బంధువు గానీ సాధారణంగా సగం ఏడాదికి మించి తమతో ఉండాలి. ఆ ఏడాది ఇల్లు నడిపిన ఖర్చులో సగానికి మించి తామే భరించి ఉండాలి.

పంచుకున్న ఇంట్లో చిక్కంతా ఈ మూడో షరతు దగ్గరే వస్తుంది. మా బంధువుల అమ్మాయి విడాకుల తరువాత డాలస్ దగ్గర తన స్నేహితురాలితో కలిసి ఇల్లు అద్దెకు తీసుకుంది. ఇద్దరూ ఒంటరి తల్లులే, ఇద్దరికీ ఒక్కో బిడ్డ. అద్దె, కరెంటు, నీరు, సరుకులు అన్నీ కలిపి ఏడాదికి 42,000 డాలర్లయి, చెరో 21,000 డాలర్లు పెట్టుకున్నారనుకుందాం. ఇదంతా ఒకే కుటుంబమని లెక్కిస్తే ఇద్దరిలో ఎవరికీ ఈ హోదా రాదు, ఎందుకంటే సరిగ్గా సగం సరిపోదు, సగం దాటాలి. ఒకే కుటుంబంలో సగానికి మించి ఖర్చు పెట్టినవారు ఇద్దరుండటం ఎలాగూ సాధ్యం కాదు. కానీ ఒకే కప్పు కింద రెండు వేర్వేరు కుటుంబాలు ఉండవచ్చునని అక్కడి పన్ను న్యాయస్థానమూ, ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) న్యాయ విభాగమూ అంగీకరించాయి. అప్పుడు ఎవరి కుటుంబం లెక్క వారిదే కాబట్టి, తమ వాటా అద్దె, తమ తిండి ఖర్చు తామే పెట్టుకున్న తల్లులిద్దరికీ అర్హత రావచ్చు.

వేరని చెప్పుకుంటే చాలదు, వేరుగా బతికి ఉండాలి. ఈ అమ్మాయిల ఇంట్లో ఫ్రిజ్‌లో అరలు వేరు, బియ్యం సంచులు వేరు, ఎవరి వంట వారిదే, ఎవరి బిడ్డ బడి ఖర్చు వారిదే. అద్దె వాటా నెలనెలా ఎవరి బ్యాంకు ఖాతా నుంచి వారిదే వెళ్తుంది. ఒకే పొయ్యి మీద అందరికీ వండుకుని, ఒకే డబ్బుతో సరుకులు తెచ్చుకునే ఇంట్లో ఈ వాదన నిలబడటం కష్టం. ఫోనులోనే రిటర్నులు చేసిపెట్టే ఒక కన్సల్టెంటు వీళ్లను ఈ వివరాల్లో ఒక్కటీ అడగకుండా ఇద్దరికీ టిక్ పెట్టేశాడు. డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసేవారు ఈ హోదా విషయంలో ప్రశ్నలడిగి, 8867 ఫారం నింపి, రిటర్నుపై సంతకం చేయాలన్నది అక్కడి నిబంధన. హోదా తప్పని తేలితే తక్కువగా కట్టిన పన్ను, దాని వడ్డీ కట్టాల్సింది మాత్రం రిటర్ను వేసిన అమ్మాయే. ఆ తక్కువైన పన్నుపై 20 శాతం జరిమానా కూడా పడవచ్చు. అందుకే అద్దె ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బిడ్డ ఆ చిరునామాలోనే ఉన్నట్టు బడి ఇచ్చే పత్రం దాచుకోమని వాళ్లకు చెప్పాను.

ఇల్లు నడిపిన ఖర్చంటే అద్దె లేదా గృహరుణ వడ్డీ, ఇంటి పన్ను, ఇంటి బీమా, మరమ్మతులు, కరెంటు, నీరు, ఇంట్లో తిన్న తిండి. బట్టలు, చదువు, వైద్యం, ప్రయాణాలు ఇందులోకి రావు. విడాకులై అన్నావదినల ఇంట్లో తలదాచుకున్న చెల్లెలు బిడ్డ చదువుకు, మందులకు ఎంత ఖర్చు పెట్టినా, అద్దె, సరుకులు అన్నే భరిస్తుంటే ఈ హోదా ఆమెకు రాదు. వినడానికి బాధగానే ఉంటుంది, కానీ నిబంధన అదే.

మన కుటుంబాల్లో ఎక్కువగా పొరబడే సంగతులు మరికొన్ని ఉన్నాయి. భర్త ప్రాజెక్టు కోసం తాత్కాలికంగా మరో రాష్ట్రంలో ఉంటే భార్యాభర్తలు విడిగా ఉన్నట్టు కాదు. పని మీద దూరంగా ఉన్నా ఇంట్లో ఉన్నట్టే లెక్క. నిజంగానే విడిపోయి, విడాకులు ఇంకా రాని తల్లికి మాత్రం దారి ఉంది. ఏడాదిలోని చివరి ఆరు నెలలూ భర్త ఆ ఇంట్లో లేకుండా, ఆమె సొంత బిడ్డతో ఉంటూ, ఇంటి ఖర్చు సగానికి మించి భరించి, రిటర్ను విడిగా వేస్తే ఆమెకు ఈ హోదా దక్కవచ్చు. వరంగల్ కోర్టులో కేసు తేలేదాకా ఆగనక్కర్లేదు. ఇక్కడే ఉంటున్న మనకు, అంటే తల్లిదండ్రులకు, వాళ్లు నెలనెలా ఎంత డబ్బు పంపినా దాని ఆధారంగా ఈ హోదా రాదు. అమెరికా పౌరులో, పన్ను చట్టం ప్రకారం అక్కడి నివాసులో కానివారిని సాధారణంగా ఆధారితులుగా చూపించుకోలేరు. కెనడా, మెక్సికో నివాసులకు మినహాయింపు ఉంది, ఇండియాకు లేదు.

“వాళ్లమ్మాయి పెట్టుకుందట, నువ్వెందుకు పెట్టుకోలేదు?” అని ఫోనులో పిల్లల్ని నిలదీసే తల్లిదండ్రులకు నాదొక మనవి. ఇల్లు ఒకటే అయినా ఖర్చుల లెక్కలు వేరు, పరిస్థితులు వేరు. గతంలో పొరపాటున టిక్ పెట్టినవారు గానీ, హక్కుండీ వదులుకున్నవారు గానీ 1040-ఎక్స్ ఫారంతో రిటర్నును సవరించుకోవచ్చు. రావలసిన రీఫండ్ అడగడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఐఆర్‌ఎస్ తోడ్పాటుతో నడిచే విటా కేంద్రాల్లో వాలంటీర్లు ఉచితంగా రిటర్ను వేసిపెడతారు. మీ పత్రిక వరంగల్ ఎడిషన్‌లో ఏటా ఫిబ్రవరిలోనైనా, అమెరికా పన్ను చట్టం తెలిసిన అర్హులైన నిపుణులతో పాఠకుల ప్రశ్నలకు జవాబులు ఇప్పించాలని, ముఖ్యంగా ఇల్లు పంచుకుని బిడ్డల్ని పెంచుకుంటున్న తల్లుల సందేహాలకు చోటివ్వాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత కామర్స్ లెక్చరర్,
హనుమకొండ